రాయితీ మారితే ఆరోగ్య బీమా ప్రీమియం ఎంత మారుతుంది: రెన్యువల్ నోటీసు చదివి లెక్క కట్టే పద్ధతి

శ్రీకాకుళంలో మా వీధి చివర కిరాణా దుకాణం నడిపే ఒకాయన కిందటి నవంబరులో తన ఆరోగ్య బీమా రెన్యువల్ నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఏటి మాస్టారూ, పన్ను పూర్తిగా ఎత్తేసినారని టీవీలో సెప్పినారు కదా, మరి నాకు ఆరొందలు కూడా తగ్గనేదేటి?" అని అడిగారు. నేను ఆయన పాత నోటీసు కూడా తెప్పించి రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచాను. పాత నోటీసులో బేస్ ప్రీమియం 19,400 రూపాయలు, దానిపై జీఎస్టీ 3,492, మొత్తం 22,892 అని ఉంది. కొత్త నోటీసులో జీఎస్టీ గడిలో సున్నా ఉంది, కట్టవలసిన మొత్తం మాత్రం 22,310 అని ఉంది. తేడా 582 రూపాయలు. ప్రభుత్వం వదులుకున్న 18 శాతం ఎక్కడికి పోయిందన్నది ఆయన ప్రశ్న. రాయితీ పెరిగినా, తగ్గినా, పన్ను పోయినా, మళ్లీ వచ్చినా, ప్రతి ఇంట్లోనూ ఎవరికి వారు ఈ ప్రశ్నకు జవాబు రాబట్టుకోగలగాలన్న ఉద్దేశంతో ఆ రోజు మేము వేసుకున్న లెక్కను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గుర్తు పెట్టుకోవలసింది, ప్రతి పాలసీకీ రెండు ధరలు ఉంటాయన్న సంగతి. బీమా కంపెనీ తన ఖర్చులను, రాబోయే క్లెయిములను అంచనా వేసి నిర్ణయించేది ఒకటి. ప్రభుత్వం ఇచ్చేది ఇచ్చి, తీసుకునేది తీసుకున్న తరువాత మన జేబులోంచి వెళ్లేది రెండోది. పంటల బీమా కట్టిన రైతుకు ఈ తేడా కొత్త కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద ఖరీఫ్ ఆహార పంటలకు రైతు కట్టేది బీమా మొత్తంలో, అంటే నష్టం వస్తే దక్కే గరిష్ఠ పరిహారంలో 2 శాతమే అయినా, అసలు ప్రీమియం అంతకన్నా చాలా ఎక్కువ ఉండవచ్చు, ఆ తేడాను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. రాయితీలో మార్పు వచ్చిన రోజే మారేది రెండో ధర. మొదటి ధర వెంటనే కదలదు, కానీ ఏడాది, రెండేళ్లు గడిచాక అదీ కదులుతుంది, దాని కారణాలు వేరు. ఈ రెంటినీ కలిపి ఒకే అంకెగా చూసినంత కాలం ఏ నోటీసూ అర్థం కాదు.

నోటీసు మీద లెక్క

పాత, కొత్త నోటీసులు రెండూ దగ్గర పెట్టుకుని, ఒక కాగితం మీద పన్ను లేని బేస్ ప్రీమియం, పన్ను, పాలసీలో అందరికన్నా పెద్ద సభ్యుడి వయసు, బీమా మొత్తం, ఈ నాలుగింటిని రెండేళ్లకూ రాసుకోవాలి. పాత నోటీసు పోయి ఉంటే, ప్రీమియం కట్టినప్పుడు కంపెనీ ఈమెయిలుకు పంపిన రసీదులో బేస్ ప్రీమియం, పన్ను విడివిడిగా కనిపిస్తాయి. ఏజెంటు ఫోనులో చెప్పిన మొత్తంతో ఈ లెక్క సాగదు, ఎందుకంటే ఆ మొత్తంలో రెండు ధరలూ కలిసిపోయి ఉంటాయి.

తరువాత పన్ను లెక్క. ఆరోగ్య బీమాపై 2017 జులై 1కి ముందు 15 శాతం సేవా పన్ను ఉండేది, ఆ రోజు నుంచి 18 శాతం జీఎస్టీ అమలైంది. 2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశం వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై ఈ పన్నును పూర్తిగా తొలగించాలని నిర్ణయించగా, అదే నెల 22 నుంచి అది అమలులోకి వచ్చింది. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఫ్లోటర్ పాలసీలకు, వయోవృద్ధుల పాలసీలకు కూడా ఈ మినహాయింపు వర్తిస్తుంది. ఉద్యోగం ఇచ్చిన సంస్థ తీసుకునే గ్రూపు పాలసీలకు మాత్రం వర్తించదు, వాటిపై 18 శాతం అలాగే ఉంది. కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రులను చేర్చి జీతంలోంచి ప్రీమియం కట్టేవారు తమకు ఎందుకు తగ్గలేదని అడగడం నేను చాలాసార్లు విన్నాను. కారణం ఇదే.

18 శాతం పన్ను పోతే కట్టేది 18 శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 100 రూపాయల బేస్ ప్రీమియానికి మనం కట్టింది 118 రూపాయలు, ఇప్పుడు కట్టేది 100. తగ్గిన 18 రూపాయలను 118తో పోల్చాలి గాని 100తో కాదు. అలా చూస్తే తగ్గుదల 15.25 శాతం. కంపెనీ తన ధర పైసా కూడా పెంచకపోయినా దక్కే గరిష్ఠ లాభం ఇంతే. కిరాణా ఆయన విషయంలో ఆ గరిష్ఠం 3,492 రూపాయలు.

ఇక బేస్ ప్రీమియం. ఆయనది 19,400 నుంచి 22,310 అయింది. అంటే 2,910 రూపాయలు, సరిగ్గా 15 శాతం పెరిగింది. పన్ను తీసేసినందువల్ల వచ్చిన లాభాన్ని దాదాపు అంతా ఈ పెరుగుదల మింగేసింది. అయితే పెరుగుదలంతా ఒకే కారణం వల్ల వచ్చిందని తీర్మానించడానికి లేదు. కంపెనీలు వయసును అయిదేళ్లకు ఒక మెట్టు చొప్పున, లేదా ఏడాదికొక మెట్టు చొప్పున విభజించి ధర పెడతాయి. ఆయనకు ఆ అక్టోబరుతో 51 ఏళ్లు వచ్చాయి, అంటే 46-50 మెట్టు దాటి 51-55 మెట్టు ఎక్కారు. మేము కంపెనీకి ఈమెయిలు పంపి, పెరుగుదలలో వయసు మెట్టు వల్ల ఎంత, రేట్ల సవరణ వల్ల ఎంత అని విడదీసి చెప్పమన్నాము. వయసు వల్ల 1,940, రేట్ల సవరణ వల్ల 970 అని తొమ్మిది రోజుల్లో జవాబు వచ్చింది. వయసు వల్ల పెరిగింది పన్ను ఉన్నా, లేకపోయినా పెరిగేదే. పాత పన్నే కొనసాగి ఉంటే ఇదే బేస్ ప్రీమియానికి ఆయన 26,326 రూపాయలు కట్టవలసి వచ్చేది. కాబట్టి మినహాయింపు ఆయనకు చేరింది, కాకపోతే అదే ఏడాది వచ్చిన వేరే పెరుగుదల దాన్ని కప్పేసింది. ఈ ఒక్క మాట విన్నాక ఆయన ముఖంలో కనిపించిన తెరిపి నాకు ఇంకా గుర్తుంది. మోసం జరగలేదని తెలియడం కూడా మనిషికి ఒక ఊరటే.

మిగిలిన 970 రూపాయల సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి. ప్రభుత్వం పన్ను తీసేసినప్పుడు కంపెనీకి ఒక నష్టం కూడా వచ్చింది. ఏజెంట్ల కమీషను మీద, కార్యాలయాల అద్దె మీద, కొనుక్కున్న ఇతర సేవల మీద కంపెనీ తాను చెల్లించిన జీఎస్టీని ఇంతకుముందు మన దగ్గర వసూలు చేసిన జీఎస్టీలోంచి మినహాయించుకునేది. మన దగ్గర వసూలే లేనప్పుడు ఆ మినహాయింపు కూడా పోయి, తాను కట్టే పన్ను నేరుగా ఖర్చుగా మిగిలిపోయింది. ఆ ఖర్చును కంపెనీ తానే భరించవచ్చు, బేస్ ప్రీమియంలో కలపవచ్చు, లేదా ఏజెంట్ల కమీషను తగ్గించి సర్దుకోవచ్చు. కొన్ని కంపెనీలు మూడో దారి పట్టాయి. మన ఊళ్లలో సైకిలు మీద, బండి మీద ఇల్లిల్లూ తిరిగి పాలసీలు కట్టించే ఏజెంట్లకు అది నిజమైన దెబ్బ, వారి పక్షాన ఈ మాట చెప్పడం అవసరమని నాకు అనిపిస్తుంది. పాలసీదారు చేయవలసిందల్లా, వయసు మెట్టు మారని ఏడాదిలో కూడా బేస్ ప్రీమియం ఎంత శాతం పెరిగిందో చూసుకోవడం. 60 ఏళ్లు దాటినవారికి అదనంగా ఒక రక్షణ ఉంది. వయోవృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరి 30న ఆదేశించింది. మీ నోటీసులో అంతకంటే ఎక్కువ కనిపిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి.

ఆదాయపు పన్ను కట్టేవారికి ఇంకొక మెట్టు లెక్క ఉంది. ఆదాయపు పన్ను చట్టంలో 80డీగా పేరుపడ్డ మినహాయింపు కింద తన, భార్య లేక భర్త, పిల్లల ప్రీమియానికి ఏడాదికి 25,000 రూపాయల వరకు, 60 ఏళ్లు దాటినవారి విషయంలో 50,000 వరకు ఆదాయంలోంచి మినహాయింపు ఉంటుంది. ఇది పాత పన్ను విధానంలో ఉన్నవారికే దొరుకుతుంది, పైగా ప్రీమియం నగదుగా కడితే దొరకదు. ఇదీ ఒక రకమైన రాయితీయే, కాకపోతే నోటీసులో కనబడదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. బేస్ ప్రీమియం 20,000 ఉన్న వ్యక్తి పాత పద్ధతిలో జీఎస్టీతో కలిపి 23,600 కట్టేవారు. ఆయన 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 20.8 శాతం, అంటే 4,909 రూపాయలు పన్ను మిగిలి, నికర భారం 18,691 అయ్యేది. పన్ను పోయాక కంపెనీ బేస్‌ను 5 శాతం పెంచి 21,000 చేసిందనుకుందాం. ఇప్పుడు మిగిలే ఆదాయపు పన్ను 4,368, నికర భారం 16,632. వెరసి లాభం 2,059 రూపాయలు. అదే వ్యక్తి కొత్త పన్ను విధానంలో ఉంటే 23,600 నుంచి 21,000కి వస్తారు కనుక 2,600 లాభం. ఒక రాయితీ పెరిగినప్పుడు దానికి ముడిపడిన మరో రాయితీ కొంత తగ్గుతుందన్న సంగతి ఈ చిన్న లెక్కలోనే కనబడుతుంది.

కంపెనీ ధర ఎందుకు కదులుతుంది

ఇంతవరకూ చెప్పింది జేబు లెక్క. కంపెనీ ధర కదలడానికి అసలు కారణం, పాలసీలో ఎవరు మిగులుతారన్నది. దీన్ని ఒక ఊహా గ్రామంతో చూద్దాం. ఒక ఊళ్లో 100 కుటుంబాలు ఒకే పథకంలో ఉన్నాయి. వాటిలో 80 కుటుంబాలకు ఏడాదికి సగటున 5,000, జబ్బులున్న 20 కుటుంబాలకు సగటున 40,000 రూపాయల వైద్య ఖర్చు వస్తుంది. మొత్తం 12 లక్షలు, తలకు 12,000. దానికి కంపెనీ నిర్వహణ ఖర్చు నాలుగో వంతు కలిపితే ప్రీమియం 15,000 అవుతుంది. ప్రభుత్వం కుటుంబానికి 6,000 ఇస్తే, కుటుంబం కట్టేది 9,000.

ప్రభుత్వం ఆ 6,000 ఆపేసిందనుకోండి. కంపెనీ ధర మారకపోయినా కుటుంబం కట్టేది మరునాడే 15,000 అవుతుంది. అప్పుడు మొదట మానేసేది ఎవరు? ఒంట్లో బాగున్నవారు. డయాలసిస్ చేయించుకుంటున్న ఇంటివారు అప్పు చేసైనా కడతారు. ఆరోగ్యంగా ఉన్న 80లో 30 కుటుంబాలు మానేస్తే, మిగిలిన 70 కుటుంబాల వైద్య ఖర్చు 10.5 లక్షలు, తలకు 15,000, నిర్వహణతో కలిపి 18,750. వైద్యం ధరలు పెరగలేదు, కొత్త జబ్బులు రాలేదు, అయినా కంపెనీ ధర 25 శాతం పెరిగింది. కుటుంబం కట్టేది 9,000 నుంచి 18,750కి, రెట్టింపు దాటింది. ఆ ధర చూసి మరికొన్ని ఆరోగ్యకరమైన కుటుంబాలు బయటకు పోతే, మరుసటి ఏడాది ఇంకా పెరుగుతుంది. రాయితీ పెరిగితే ఇదే చక్రం వెనక్కి తిరుగుతుంది. ఆరోగ్యవంతులు చేరతారు, సగటు ఖర్చు దిగుతుంది, కంపెనీ ధర మెల్లగా తగ్గుతుంది, లేదా పెరగవలసినంత పెరగకుండా ఆగుతుంది. రాయితీ పోయిన మొదటి ఏడాది నోటీసు చూసి ఇంతేలే అని కుదుటపడకూడదని నేను చెప్పేది అందుకే. దాని పూర్తి ప్రభావం రెండో ఏడాది, మూడో ఏడాది నోటీసుల్లో తెలుస్తుంది.

ఈ మాట ఊహలో మాత్రమే లేదు. మన ఉత్తరాంధ్ర ఇళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి సంగతి తెలుసుకోవడం రెండు విధాల ఉపయోగం. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం కింద, ఉద్యోగం ద్వారా బీమా లేని కుటుంబాలకు 2014 నుంచి ప్రీమియం రాయితీ ఇస్తున్నారు. ఆ ప్రాంతంలో సిల్వర్ అనే మధ్య స్థాయి పాలసీల్లో రెండో చవకైనదాని ధరను ప్రమాణంగా తీసుకుని, కుటుంబం తన ఆదాయంలో ఫలానా శాతం వరకు భరించాలని నిర్ణయించి, మిగిలినదంతా ప్రభుత్వం కడుతుంది. 2021లో ఈ రాయితీని పెంచి, ఎవరూ ప్రమాణ పాలసీకి ఆదాయంలో 8.5 శాతానికి మించి కట్టనవసరం లేకుండా చేశారు. ఆ పెంపు గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. రాయితీ పొందుతున్నవారు ఏడాదికి సగటున కట్టేది 888 డాలర్ల నుంచి 1,904 డాలర్లకు పెరుగుతుందని కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ అంచనా వేసింది. బీమా కంపెనీలు కూడా ఆరోగ్యవంతులు మానేస్తారని ముందే లెక్క వేసుకుని 2026 ధరలలో దానికి కొంత చేర్చాయి.

అక్కడే 2017లో జరిగిన ఇంకొక సంఘటన మరింత ఆలోచింపజేస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న రోగులు ఆసుపత్రిలో కట్టే వాటాను తగ్గించినందుకు కంపెనీలకు ఇచ్చే సొమ్మును ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబరులో ఆపేసింది. ఆ వాటాను తగ్గించే బాధ్యత మాత్రం చట్టప్రకారం కంపెనీల మీద అలాగే ఉంది. కంపెనీలు ఆ నష్టాన్ని ఎక్కువగా సిల్వర్ పాలసీల ధరలో కలిపాయి. ప్రమాణం సిల్వర్ పాలసీయే కనుక ప్రీమియం రాయితీ దానంతటదే పెరిగింది. ఆ పెరిగిన రాయితీతో చాలామందికి బ్రాంజ్ అనే కింది స్థాయి పాలసీ ఏమీ కట్టకుండానే దొరికింది. రాయితీ ధరతో ముడిపడి ఉంటే ధర పెరిగినా కొనేవారికి నొప్పి తెలియదు. స్థిరమైన మొత్తంగా ఉంటే పెరిగిన ప్రతి రూపాయీ మన మీదే పడుతుంది. ఏ పథకం ప్రకటన చదివినా ఈ రెంటిలో అది ఏ రకమో ముందు చూడండి.

గీత దాటే కుటుంబాలు

ప్రీమియంలో అతి పెద్ద మార్పు ప్రభుత్వ నిర్ణయం వల్ల కాక, మన ఆదాయం ఒక గీత దాటడం వల్ల వచ్చే సందర్భాలు మన జిల్లాల్లో ఎక్కువ. పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో, విజయనగరం జనపనార మిల్లుల్లో పని చేసేవారికి ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా ఉంటుంది. జీతం నెలకు 21,000 వరకు ఉన్నవారికి అది వర్తిస్తుంది. 2019 జులై 1 నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,000 జీతం మీద కార్మికుడు కట్టేది నెలకు 135 రూపాయలు, దానికే కుటుంబానికంతటికీ వైద్యం దొరుకుతుంది. జీతం 21,500 అయితే? ఆ చందా కాలం ముగిసేదాకా, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లేదా అక్టోబరు నుంచి మార్చి దాకా ఈఎస్ఐ కొనసాగుతుంది, తరువాత ఆగుతుంది. ఆ 500 రూపాయల జీతం పెంపుతో పోయే వైద్య రక్షణకు బదులు బజారులో పాలసీ కొనాలంటే నెలకు వెయ్యి, రెండు వేలు అవుతుంది.

కాబట్టి జీతం గీత దాటబోతోందని తెలిసిన నెలలోనే ప్రైవేటు పాలసీ తీసుకోవడం మంచిది. ప్రమాదాలకు తప్ప మిగిలిన జబ్బులకు సాధారణంగా మొదటి 30 రోజులు క్లెయిము రాదు, ముందునుంచి ఉన్న బీపీ, షుగరు వంటి జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిము రాని కాలం గరిష్ఠంగా 36 నెలల దాకా ఉండవచ్చు. పాత రక్షణ ఇంకా మిగిలి ఉండగానే కొత్త పాలసీ గడియారం మొదలవ్వాలి. ఈఎస్ఐ ఆగిన తరువాత కొన్న కుటుంబానికీ, ఆరు నెలల ముందు కొన్న కుటుంబానికీ ప్రీమియంలో తేడా పెద్దగా ఉండదు, రక్షణలో మాత్రం ఆరు నెలల తేడా ఉంటుంది.

ప్రభుత్వమే మొత్తం కట్టినప్పుడు

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. మొదట్లో ప్రభుత్వం బీమా కంపెనీకి ప్రీమియం కట్టేది, తరువాత ప్రభుత్వ ట్రస్టు ద్వారా ఆసుపత్రులకు నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పరిమితి 2023 డిసెంబరులో కుటుంబానికి 25 లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన విధానంలో ఏడాదికి 2.5 లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా చెల్లించే మిశ్రమ పద్ధతి ఉంది.

కార్డు చేతిలో ఉన్న కుటుంబానికి ఇందులో ప్రీమియం అన్నది ఎన్నడూ కంటికి కనిపించదు, కనిపించదు కనుక లేదని అనుకోకూడదు. రాయితీలో తేడా వస్తే ఆ కుటుంబానికి అది రూపాయలలో తెలియదు, ఆసుపత్రి కౌంటరు దగ్గర తెలుస్తుంది. బకాయిలు పేరుకున్నప్పుడు ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపుతామని ప్రకటించిన సందర్భాలు మనందరం చూశాం. అందుకని కార్డు మీదే ఆధారపడిన కుటుంబాలు తమకు కావలసిన వైద్యానికి కనీసం రెండు నెట్‌వర్క్ ఆసుపత్రుల పేర్లు, వాటిలో ఒకటి ప్రభుత్వానిది, ముందే రాసి పెట్టుకోవాలి. ఆసుపత్రిలోని వైద్యమిత్ర దగ్గర గాని, 104కు ఫోను చేసి గాని ఆ రోజు సేవ అందుతోందో లేదో అడిగి బయలుదేరాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం గ్రామాల్లో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లవారికి నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటే. జబ్బు బయటపడ్డాక బజారు పాలసీ అందుబాటు ధరలో దొరకడం చాలా కష్టం, పైన చెప్పిన 20 కుటుంబాలు ఎవరో కాదు, మీరే. మీకు ప్రభుత్వ కార్డే అసలు బీమా. రేషన్ కార్డులో పేరు తప్పినా, ఆధార్ జతకాకపోయినా సచివాలయానికి వెళ్లి ఆ వారంలోనే సరిచేయించుకోండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కనుక డయాలసిస్ కోసం ప్రతిసారీ విశాఖపట్నం పోవలసిన అవసరం తగ్గింది.

ఇంట్లో 70 ఏళ్లు నిండినవారుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి తెలుసుకోవాలి. 2024 అక్టోబరు 29న మొదలైన ఈ కార్డుకు ఆదాయ పరిమితి లేదు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంటుంది. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా తీసుకోవచ్చు. దీని ప్రభావం మీ ప్రీమియం మీద ఎలా ఉంటుందంటే, ఫ్లోటర్ పాలసీ ధరను అందులో అందరికన్నా పెద్ద వయసువారిని బట్టి నిర్ణయిస్తారు. 72 ఏళ్ల తండ్రిని ఫ్లోటరు నుంచి తీసేస్తే మిగిలినవారి ప్రీమియం బాగా తగ్గుతుంది. అయినా తీసేయడానికి తొందరపడవద్దని నా సలహా. ఆయనకు ఉన్న జబ్బుకు వైద్యం చేసే ఆసుపత్రి ఆ కార్డును అంగీకరిస్తోందో లేదో వెళ్లి కనుక్కుని, ఒక ఏడాది రెండూ నడిపి చూసి, అప్పుడు తేల్చుకోండి. ఆ వయసులో ఒకసారి బయటకు వస్తే మళ్లీ చేరడానికి ధర ఎక్కువ, వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి మొదలవుతుంది.

ప్రీమియం పెరిగినప్పుడు ఏం చేయాలి

లెక్క తేలాక చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. బేస్ ప్రీమియం అసమంజసంగా పెరిగిందనిపిస్తే వేరే కంపెనీకి మారవచ్చు, మీరు అప్పటికే గడిపిన వెయిటింగ్ పీరియడ్ పాత బీమా మొత్తం మేరకు కొత్త కంపెనీలో లెక్కకు వస్తుంది. దీనికి రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. నోటీసు వచ్చేటప్పటికి ఆ గడువు చాలామందికి దాటిపోయి ఉంటుంది, కనుక రెన్యువల్ తేదీకి మూడు నెలల ముందే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. కొత్త కంపెనీ మిమ్మల్ని తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా చెప్పేదాకా పాతది వదలకండి.

బీమా మొత్తం తగ్గించి ప్రీమియం తగ్గించుకోవడం అన్నిటికన్నా చివరి మార్గం. అంతకన్నా, ప్రభుత్వ కార్డు కింద లేదా ఉన్న చిన్న పాలసీ కింద వచ్చేదాన్ని పునాదిగా పెట్టుకుని, 5 లక్షలు దాటిన ఖర్చుకు మాత్రమే వర్తించే సూపర్ టాప్-అప్ తీసుకుంటే తక్కువ డబ్బుతో ఎక్కువ రక్షణ వస్తుంది. అయితే ఆ మొదటి 5 లక్షలు ప్రభుత్వ పథకం భరించినప్పుడు టాప్-అప్ మిగిలినది చెల్లిస్తుందా అన్న ప్రశ్నకు కంపెనీ నుంచి రాతపూర్వక జవాబు తీసుకున్న తరువాతే డబ్బు కట్టండి. మనవైపు వారు ఇంకొక షరతు కూడా చూడాలి. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడదీసి చిన్న పట్టణాల వారికి ధర తగ్గిస్తాయి, ఆ తగ్గించిన పాలసీతో పై జోను నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మనమే కట్టాలి. గుండె ఆపరేషనుకో, క్యాన్సరుకో మనం వెళ్లేది విశాఖపట్నానికి గాని హైదరాబాదుకు గాని. మీ పాలసీలో ఆ నగరాలు ఏ జోనులో ఉన్నాయో చూడకుండా తగ్గింపుకు సంతోషించవద్దు.

రెండు లేదా మూడేళ్ల ప్రీమియం ఒకేసారి కట్టే వీలు ఉంటే, ఆ కాలమంతా ధర పెరుగుదల మీకు తగలదు, 80డీ మినహాయింపు కూడా ఏడాదికింత చొప్పున పంచి వస్తుంది. కాకపోతే ఈ తాళం రెండు వైపులా పడుతుంది. 2025 సెప్టెంబరు 22కు ముందే మూడేళ్లకు కట్టి రసీదు తీసుకున్నవారి మీద 18 శాతం పన్నే పడింది. పన్ను సున్నాకు చేరి ఇంకా తగ్గడానికి ఏమీ మిగలని ఇప్పటి స్థితిలో, చేతిలో డబ్బున్నవారికి రెండేళ్లు కట్టడం లాభమని నా అభిప్రాయం.

అడిగిన వివరం కంపెనీ ఇవ్వకపోతే ముందు దాని ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడా తేలకపోతే ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గాని 155255 నంబరులో గాని ఫిర్యాదు నమోదు చేయండి. ఆ పైన పాలసీదారుల వివాదాలు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాదులో ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ వారి పరిధిలోదే. పాలసీ షరతుల ప్రకారం కట్టవలసిన ప్రీమియంపై వచ్చే వివాదాలను కూడా వారు వింటారు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

కిరాణా ఆయన చివరకు కంపెనీ మారలేదు. రెండేళ్ల ప్రీమియం యూపీఐ ద్వారా కట్టి, దుకాణం ఖాతా పుస్తకం అట్ట లోపలి వైపు 19,400 అని, దాని కింద 22,310 అని తేదీలతో రాసుకున్నారు. మూడో అంకెకు కింద చోటు వదిలి, పక్కన కంపెనీ పంపిన ఈమెయిలు కాగితాన్ని మడిచి అంటించారు.